కాడలో మూడు గదులు

పరీక్షల ఆఫీసు నుంచి ఉత్తరం మంగళవారం పొద్దున వచ్చింది. తెచ్చినతను తలుపు రెండుసార్లు కొట్టాడు, దగ్గాడు, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లోపల పంతులమ్మ అని అందరూ పిలిచే పిల్ల ఉంది. ఉందన్న మాటేగానీ కిక్కురుమనలేదు. అతను విసుక్కుని కవరు తలుపు కిందనుంచి తోసేసి వెళ్ళిపోయాడు. మెట్లు దిగిన చప్పుడు ఆగిపోయాక కూడా ఆమె వంద దాకా లెక్కపెట్టి, అప్పుడు కవరు మీద చెయ్యి వేసింది. వాళ్ళ ఇంట్లో అదే పద్ధతి. వెనకటి ఊళ్ళో ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని వాళ్ళ నాన్న పేరు చెప్పారు. మూడోరోజు తలుపు కొట్టినవాళ్ళకి నాన్నే స్వయంగా వెళ్ళి తలుపు తీశాడు, వాళ్ళ వెంట వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అప్పటినుంచి అమ్మాకూతుళ్ళు ఏ తలుపు చప్పుడునీ నమ్మరు. తెలియనివాళ్ళు అడిగితే తెలీదనడం, తెలిసినవాళ్ళు అడిగితే సగం చెప్పడం, వాళ్ళు సరిహద్దు దాటించి తెచ్చుకున్న ఆస్తి ఇంతే.

ఉత్తరంలో ఉన్నది ఇది. అర్హత పరీక్ష రాసిన ఈ శిబిరం పిల్లలు నలుగురి ఫలితాలూ ఆపేశారు. సైన్సు పేపర్లో ఒక జవాబు నలుగురిదీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. గురువారం విచారణకు రావాలి. ఎవరు ఎవరికి అందించారో తేలకపోతే నలుగురూ మూడేళ్ళపాటు పరీక్ష రాయడానికి వీల్లేదు.

మూడేళ్ళంటే మాటలు కాదు. ఆ పరీక్ష పాసైతే ఊళ్ళోని మామూలు బడిలో, ఊళ్ళోని పిల్లల పక్కన, పదకొండో తరగతి సీటు. లేకపోతే అమ్మతోపాటు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసుకోవడమే. పద్దెనిమిది నిండినవాళ్ళని ఆ పరీక్షకి రానివ్వరు. పంతులమ్మకి పదహారు. లెక్క మీరే వేసుకోండి. ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది వేరేవాళ్ళదేమోనని కవరు మీద పేరు చూసుకుంది. రెండోసారి ఏడుపొచ్చింది. మూడోసారి చదివేసరికి ఏడుపు పోయి ఒళ్ళు మండింది. నేను కాపీ కొట్టలేదు, కాబట్టి ఎవరో కొట్టారు, ఆ ఎవరో మిగతా ముగ్గురిలోనే ఉన్నారు అనుకుంది. ఆమె బుర్ర అటే పరిగెడుతుంది, ఏం చేస్తాం.

ఆ ముగ్గురి సంగతీ చెప్పాలి. శిబిరం అంటే గుడారాలు అనుకునేరు. అది మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ. మూడంతస్తుల్లోనూ పెద్ద పెద్ద హాళ్ళని ప్లైవుడ్ చెక్కలతో గదులుగా విడగొట్టారు. ఆ చెక్కలు పైకప్పు దాకా లేవు. ఒక ఇంట్లో తుమ్మితే నాలుగిళ్ళ అవతల ఉలిక్కిపడతారు. గుట్టుగా బతకడం అలవాటైనవాళ్ళని తెచ్చి ఇలాంటి కొంపలో పెట్టినవాడి తెలివికి దండం పెట్టాలి. ఆ ఫ్యాక్టరీలో బడి ఈడు దాటిపోతున్న పిల్లలు నలుగురు తేలారు. పంతులమ్మ ఒకతి. కవల అక్కచెల్లెళ్ళు ఇద్దరు, పదిహేనేళ్ళవాళ్ళు, ఒకళ్ళు మొదలుపెట్టిన మాట ఇంకొకళ్ళు పూర్తి చేస్తారు. నాలుగోవాడు పొడుగు. పదిహేడు దాటాయి, కూరగాయల మార్కెట్లో తెల్లవారుజామున లారీల నుంచి బస్తాలు దింపుతాడు. గుమ్మంలోంచి వచ్చేటప్పుడు తల వంచి రావాలి కాబట్టి పొడుగు. కవలలు పొడుగన్న అంటారు. మన పిల్లకి పంతులమ్మ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పక్కర్లేదు. ఎవరు ఏ ముక్క తప్పు మాట్లాడినా దిద్దకుండా ఉండలేదు.

శిబిరానికి పుస్తకాలు ఒక్క సెట్టే ఇచ్చారు. నలుగురూ ఒక పుస్తకం మీద వాలితే ఎవరికీ ఏదీ ఎక్కదని, పంతులమ్మే బ్లేడు తెచ్చి సైన్సు పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఎవరి ముక్క వాళ్ళు కంఠతా పట్టాలి. పట్టి మిగతా ముగ్గురికీ అప్పజెప్పాలి. నలుగురూ ఒకచోట దొరికేది సాయంత్రం నీళ్ళ క్యూలోనే. ఫ్యాక్టరీలో నీళ్ళు ఒక పట్టాన రావు. కింద తొట్టె నిండాలి, తరవాత మోటారు మార్చి మధ్య అంతస్తు తొట్టె నింపాలి, అదీ నిండాక పై తొట్టె. గంటన్నర నిలబడాలి. చేతుల్లో క్యాన్లు, కాబట్టి పుస్తకం పట్టుకునే వీలు లేదు. ఒకళ్ళు ఒక వాక్యం చెప్పడం, ముగ్గురూ తిరిగి చెప్పడం, కాలితో క్యాను ఒక అడుగు ముందుకి జరపడం, మళ్ళీ ఇంకో వాక్యం. అయిదు నెలలు అలా చదివారు. క్యూలో ముందున్న ముసలాళ్ళకి కూడా జీర్ణకోశం పాఠం నోటికొచ్చేసింది.

ఇలా చదివినవాళ్ళ జవాబులు ఒకలాగే ఉంటాయి కదా అని మీకు తోచింది. వాళ్ళకీ తోచింది. మంగళవారం సాయంత్రం మెట్లమీద కూర్చుని కవలల్లో ముందు పుట్టింది అదే అంది, వెనక పుట్టింది ఔనంది. మరి ఒక్క జవాబే ఎందుకు పట్టుకున్నారు, మిగతావన్నీ ఎందుకు వదిలేశారు అని పంతులమ్మ అడిగింది. కవలలు ఏడుపు లంకించుకున్నారు. పొడుగు మాత్రం కిమ్మనకుండా మెట్టు మీద పెచ్చు గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆ మౌనం పంతులమ్మ కళ్ళలో పడింది.

పడింది కదా, ఇక పాత సంగతులన్నీ ఒక్కొక్కటిగా పైకి తేలాయి. పరీక్షకి పది రోజుల ముందు అమ్మతో కలిసి లాండ్రీ బండి తోసుకుంటూ వెళ్తుంటే, పరీక్షల ఆఫీసు వెనక సందులో పొడుగు కనపడ్డాడు. ఆఫీసు బంట్రోతుతో గుసగుసలాడుతున్నాడు. బంట్రోతు మడిచిన కాగితం ఇస్తే చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఎక్కడికెళ్ళావని మామూలుగా అడిగితే, మార్కెట్‌లో ఆలస్యమైందన్నాడు. అబద్ధం. నాలుగు రోజుల తరవాత మళ్ళీ అదే సందు, అదే బంట్రోతు. పరీక్షయిన రోజు బయటికొచ్చి, సైన్సు సగం రాయలేకపోయానని తలకొట్టుకున్నాడు. నలుగురినీ హాల్లో నాలుగు మూలల కూర్చోబెట్టారు, అక్కడ చూసి రాయడం కుదరదు. కానీ పేపర్లు మోసుకెళ్ళింది ఎవరు? ఆ బంట్రోతే. సగం రాయనివాడి పేపర్లో నా జవాబు ఎలా వచ్చింది? పంతులమ్మకి అన్నీ అతికినట్టు సరిపోయాయి. అనుమానానికి ఆ సుగుణం ఉంది, ఏ ముక్క దొరికినా తనకి కావలసిన చోటే అతికించుకుంటుంది.

బుధవారమంతా ఆమె పొడుగు మీద ఓ కన్నేసే ఉంచింది. క్యూలో అతను పక్కకొచ్చి ఏంటలా ఉన్నావంటే ఏం లేదంది. అతను తన క్యాను కింద పెట్టి ఆమె క్యాను కూడా జరిపాడు. ఎప్పుడూ జరిపేవాడే. ఆ రోజు మాత్రం కాకా పడుతున్నాడనిపించింది.

గురువారం విచారణ. ఆఫీసు వరండాలో బెంచీ మీద నలుగురినీ కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచారు. పిలిచేది ఆ బంట్రోతే. పొడుగుని చూసి అతను కళ్ళతోనే పలకరించాడు, పొడుగు తల దించుకున్నాడు. పంతులమ్మ అదీ గమనించింది. కవలలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళి ముక్కులు ఎర్రజేసుకుని వచ్చారు. మూడో పిలుపు తనది.

విచారణ చేసే అధికారి పెద్దావిడ. దారం కట్టిన కళ్ళజోడు మెడలో వేలాడుతోంది. కసిరే మనిషి కాదు, అందుకే ఇంకా భయం వేసింది. ఎలా చదివారని అడిగింది. పంతులమ్మ పుస్తకం ముక్కల సంగతి చెప్పింది. ఆవిడ విని, బట్టీ పట్టిన జవాబులు తనకి తెలుసనీ, దేశంలో సగం మంది పిల్లలు అవే రాస్తారనీ, ఇది ఆ బాపతు కాదనీ అంది. ఏ జవాబో చెప్పండి అంటే చెప్పలేదు. చెబితే నలుగురూ ఒక్క మాట మీదికి వస్తారట.

"చూడమ్మాయ్, ఒకరు చేసిన పనికి నలుగురు పోవడం నాకూ ఇష్టం లేదు. ఎవరో తేలితే మిగతా ముగ్గురి ఫలితాలూ సోమవారమే ఇచ్చేస్తాను. నీకు ఎవరిమీదైనా అనుమానం ఉందా?"

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. పంతులమ్మకి బడి గేటు కళ్ళముందు ఆడింది. రోజూ లాండ్రీ బండి తోసుకుంటూ చూసే గేటే. నల్ల బోర్డు, బల్లలు, అన్ని పేజీలూ ఉన్న పుస్తకం. తప్పు చేసినవాడిని వెనకేసుకొచ్చి నేనెందుకు మునగాలి అనుకుంది. బంట్రోతు గుమ్మం దగ్గర లేడని చూసుకుని మరీ చెప్పింది. సందు, మడిచిన కాగితం, అబద్ధం, సగం రాయని పేపరు, అన్నీ వరసగా, తడబడకుండా చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. ఆవిడ అంతా రాసుకుంది.

బయటికొస్తే పొడుగు బెంచీ మీద నుంచి లేస్తూ ఏమడిగారని అడిగాడు. మామూలువే అంది.

ఆ సాయంత్రం నీళ్ళ క్యూకి వెళ్ళకుండా లాండ్రీకి వెళ్ళింది. అమ్మ ఆవిరి మధ్య నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఒక దుప్పటి అంచులు పట్టుకుని సాయం చేస్తూ, ఇక ఏం ఫరవాలేదమ్మా, ఎవరో చెప్పేశాను, సోమవారం ఫలితాలొస్తాయి అంది. అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి పక్కన పెట్టింది.

"ఎవరి పేరు చెప్పావ్?"

"పొడుగుది."

"వాడు చేస్తుంటే చూశావా?"

"కాగితం తీసుకోవడం చూశాను."

"ఆ కాగితంలో ఏముందో చూశావా?"

పంతులమ్మ చేతిలోని దుప్పటి అంచు మడతపెట్టింది. అమ్మ గొంతు తగ్గించి అంది. "మీ నాన్న పేరు చెప్పినవాడు కూడా ఏదో చూసే ఉంటాడే. ఏమీ చూడకుండా ఊరికే ఎవరూ చెప్పరు."

అంతే. మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది. కొడితే ఏడ్చి ఊరుకునేది, తిడితే ఎదురు తిరిగేది. ఈ మాటకి ఏం చెయ్యాలో పంతులమ్మకి తెలియలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆఫీసు మూసే వేళ అయిపోయింది కాబట్టి తెల్లారేదాకా ఆగింది.

శుక్రవారం ఆఫీసు తలుపులు తీసేసరికి గుమ్మంలో ఉంది. నిన్న చెప్పినది వెనక్కి తీసుకుంటానంది. అధికారి కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చూసింది.

"నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట. అయినా పని అయిపోయింది. నీ తరవాత అతన్ని పిలిచాను. మీలో ఒకరు నీ పేరు చెప్పారన్నాను. సంతకం పెట్టేశాడు."

"చేశానని ఒప్పుకున్నాడా?"

ఆవిడ కాస్త ఇబ్బందిగా కదిలింది. ఎలా చేశావని అడిగితే నోరు విప్పలేదట. మా వాళ్ళే అలా అనుకున్నాక నేను కాదంటే మీరు నమ్ముతారా మేడమ్, వాళ్ళ ముగ్గురినీ వదిలేయండి అన్నాడట. ఆ మాట ఆవిడకీ మింగుడు పడలేదని మొహం చూస్తే తెలుస్తోంది. కానీ సంతకం సంతకమే. ఫైలు తెరిచి చూపించింది. సంతకం పెట్టిన కాగితం కింద ఇంకో కాగితం ఉంది, నాలుగు మడతలు పడింది. పద్దెనిమిది నిండినవాళ్ళకి వయసు సడలింపు కోరే దరఖాస్తు. పొడుగు చేతిరాత. మీద నిరాకరించడమైనది అన్న ముద్ర.

ఇదీ ఆ సందులో గుసగుస. ఈసారి తప్పితే వచ్చే ఏడాదికి తనకి పద్దెనిమిది దాటిపోతాయని, ఇంకో అవకాశం ఇస్తారేమోనని, బంట్రోతుని బతిమాలి ఫారం తెచ్చుకుని, నింపి మళ్ళీ అతని చేతికే ఇచ్చాడు. తప్పుతానని ముందే భయపడ్డ సంగతి స్నేహితులకి చెప్పుకోవడానికి సిగ్గుపడి మార్కెట్ అన్నాడు.

"అయితే ఆ జవాబు ఎక్కడిది మేడమ్?" అని అడిగింది.

కేసు తేలిపోయింది కాబట్టి దాచేదేముందని ఆవిడ నాలుగు పేపర్లూ తీసి బల్లమీద పరిచింది. ప్రశ్న, వేరు పీల్చుకున్న నీరు ఆకు దాకా ఎలా చేరుతుంది. నాలుగు చేతిరాతల్లో ఒకే జవాబు. కాడలో కింద, మధ్య, పైన మూడు గదులు ఉంటాయి. కింది గది నిండగానే మధ్య గది తలుపు తెరుచుకుంటుంది. మధ్య గది నిండగానే పై గది తలుపు తెరుచుకుంటుంది. మూడూ నిండితేనే ఆకుకు నీరు అందుతుంది.

"ఇరవై రెండేళ్ళు సైన్సు చెప్పాను. ఏ పుస్తకంలోనూ ఇది లేదు. ఏ మొక్కకీ తలుపులు లేవు. ఎవడో బయటివాడు చీటీ రాసిచ్చి మిమ్మల్ని ముంచాడు."

పంతులమ్మ ఆ నాలుగు వాక్యాలూ చదివింది. మళ్ళీ చదివింది. బయటివాడు కాదు. చీటీ కాదు. ఆ వాక్యాలు ఎక్కడ పుట్టాయో ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె వాటా ముక్కలో ఒక కాగితం లేదు. డెబ్బై ఒకటో పేజీ, డెబ్బై రెండో పేజీ. ఎవరు చించారో ఏమో, పుస్తకం వచ్చినప్పుడే లేదు. డెబ్బయ్యో పేజీ చివర, ఆ నీరు ఆకు దాకా ఎలా చేరుతుందంటే, అని ఆగిపోయింది. ఆ సంగతి ముందే చూసుకోకుండా క్యూలో గడగడా చెప్పుకుపోయి అక్కడికొచ్చి ఆగింది. ఎలా చేరుతుంది అని కవలలు అడిగారు. పేజీ లేదు, నాకు తెలీదు అంటే సరిపోయేది. కానీ ఊరంతా పంతులమ్మ అని పిలుస్తుంటే తెలీదు అన్న మాట నోట్లోంచి ఎలా వస్తుంది? ఎదురుగా మోటారువాడు కింది తొట్టె నిండిందని పైపు తిప్పుతున్నాడు. నోటికొచ్చింది చెప్పేసింది. ముగ్గురూ తిరిగి చెప్పారు, క్యాన్లు జరిపారు. తరవాత నిజం కనుక్కుని దిద్దుకుందాంలే అనుకుంది. అనుకుని మరిచిపోయింది. ఇది సాకు కాదు, నిజంగానే మరిచిపోయింది. అయిదు నెలలు రోజూ వల్లె వేసేసరికి అది కూడా పుస్తకంలో మాటే అయి కూర్చుంది. పరీక్షలో అదే ధైర్యంగా రాసింది, కింద గీత కూడా గీసింది.

అంతా చెప్పేసింది. దాచకుండా, సగం సగం కాకుండా, జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసులో పూర్తిగా చెప్పింది. అధికారి నమ్మలేదు. నిన్న అతన్ని ఇరికించావు, ఇవాళ అతన్ని తప్పించడానికి కథ అల్లుతున్నావు అంది. నమ్మకపోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. పంతులమ్మ మొహం చూసి నమ్ముదామంటే ఆమె నిన్ననే ఒక అబద్ధం నిజంలా అప్పజెప్పి వెళ్ళిన పిల్ల.

అయినా ఆవిడ ఫైలు మూసేయలేదు. పంతులమ్మని అక్కడే కూర్చోబెట్టి, మధ్యాహ్నం మిగతా ముగ్గురినీ పిలిపించింది. ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడకుండా వేరువేరు గదుల్లో నిలబెట్టి, ఏ సంగతీ చెప్పకుండా, వేరు నీరు పీల్చుకునే దగ్గర్నుంచి పాఠం అప్పజెప్పమంది. కవలల్లో ముందు పుట్టింది మొదలుపెట్టింది. ఒక వాక్యం చెప్పి, కుడికాలు ముందుకి జరిపి, మళ్ళీ ఇంకో వాక్యం. వెనక పుట్టిందీ అంతే. పొడుగూ అంతే, అదే చోట ఆగడం, అదే కాలు. మూడు గదుల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ తడుముకోలేదు. ఆ కాలు ఎందుకలా జరుపుతున్నావని అధికారి పొడుగుని అడిగితే, అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. జరుపుతున్నట్టు అతనికి తెలియదు. క్యాను జరపాలి కదా మేడమ్ అన్నాడు కాసేపు ఆలోచించి. బంట్రోతు గుమ్మం దగ్గర మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. అధికారి నవ్వలేదు. సంతకం పెట్టిన కాగితం తీసి నిలువునా చించేసింది.

సోమవారం ఫలితాలు గోడకి అంటించారు. కాపీ లేదని తేలింది, తప్పు జవాబు తప్పు జవాబే. ఆ ప్రశ్నకి ఎనిమిది మార్కులు, నలుగురికీ సున్నా. పంతులమ్మ పాస్. కవలలిద్దరూ పాస్. పొడుగుకి సైన్సులో ముప్ఫై ఏడు. నలభై రావాలి.

పంతులమ్మ ఆ అంకె చూసి తిన్నగా లోపలికి వెళ్ళింది. తనకి అరవై ఒకటి వచ్చాయి, అందులోంచి మూడు తీసి అతనికి వేయమంది. ఇదేం కూరగాయల తూకమా అంది అధికారి. అని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, వయసు సడలింపు గురించి పైకి ఇంకోసారి రాస్తానని, ఒప్పుకుంటారన్న ఆశ తనకి లేదని కూడా చెప్పింది. ఆ మాత్రం నిజం చెప్పినందుకు ఆవిడని తిట్టుకోవడానికీ వీల్లేకపోయింది.

ఆ వారమంతా పొడుగు నీళ్ళ క్యూలో కనపడలేదు. వాళ్ళమ్మ వచ్చి నీళ్ళు పట్టుకుపోయేది. కవలలు బడి సంచులు కుట్టించుకునే హడావిడిలో ఉండి కూడా పొడుగన్న ఊసొస్తే గొంతు తగ్గించేవాళ్ళు. పేరు చెప్పింది ఎవరని వాళ్ళు ఒకరోజు అడిగారు. తనేనని పంతులమ్మ చెప్పింది. ఆ తరవాత వాళ్ళు ఆమె దగ్గర మాట్లాడేముందు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు.

బడి తెరిచి నాలుగు రోజులైంది. అయిదో రోజు పొద్దున పంతులమ్మ బడికి పోయే దారి వదిలి మార్కెట్‌కి వెళ్ళింది. లారీలు వెళ్ళిపోయాయి. నేలంతా ఆకులూ తొక్కలూ. పొడుగు ఖాళీ గోనెలు దులిపి మడతపెడుతున్నాడు. ఆమెని చూసి ఆగలేదు, అలాగని వెళ్ళిపొమ్మనలేదు.

"నీ పేరు చెప్పింది నేనే."

"తెలుసు. ఒక్కళ్ళు చెప్పారన్నారు. కవలలైతే ఇద్దరూ చెప్పేవాళ్ళు."

క్షమించు అందామనుకుంది. ఆ మాట ఎంత చిన్నదో తెలిసి అనలేకపోయింది. ఆమె కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే అతను ఇంకో గోనె అందుకున్నాడు. దులిపి, మడిచి, గుట్ట మీద పెట్టాక, అప్పుడు అన్నాడు.

"గదులు లేవని నాకు తెలుసు."

పంతులమ్మకి అర్థం కాలేదు.

"రోజూ కాడలు విరిచి పారేసేవాణ్ణి. నువ్వు ఆ పాఠం చెప్పిన మర్నాడే ఒకటి నిలువునా చీల్చి చూశాను. గదుల్లేవు, తలుపుల్లేవు. సన్నగా దారాల్లాంటివి ఉన్నాయి. నేనే సరిగ్గా చూడలేదనుకున్నా. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు కూడా దారాలని రాద్దామా అనుకున్నాను." గోనె దుమ్ము చేతులకి అంటింది, ప్యాంటుకి రాసుకున్నాడు. "నువ్వు చెప్పావు కదా అని గదులే రాశాను."

ఎనిమిది మార్కులు. అతనికి కావలసింది మూడు. పంతులమ్మకి నిలబడిన చోటే కూలబడిపోవాలనిపించింది. కూలబడితే అతనే లేపాల్సి వస్తుందని గోడ పట్టుకుని నిలబడింది. రోజూ బడిలో చెప్పిందంతా సాయంత్రం వచ్చి చెబుతానంది. సడలింపు వచ్చినా రాకపోయినా సరే, ఒక్క ముక్క వదలకుండా, క్యూలో కాకపోతే ఇక్కడికే వచ్చి చెబుతానంది.

"నువ్వు చెప్పొద్దు. పుస్తకం ఇటివ్వు."

సంచిలోంచి తీసి ఇచ్చింది. కొత్త పుస్తకం, అన్ని పేజీలూ ఉన్నది. అతను గోనెల గుట్ట మీద కూర్చుని, వేలు కింద పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ, ఒక్కో వాక్యం చదవసాగాడు. దూరంగా బడి గంట కొట్టారు. ఆమె కదల్లేదు. రెండో పేజీలో ఒక మాట దగ్గర అతని వేలు ఆగింది. అర్థమేమిటని అడగలేదు, కానీ నొసలు ముడిపడటం చూసి ఆమె తనంతట తనే చెప్పింది. ఈసారి తెలిసే చెప్పింది, సరిగ్గానే చెప్పింది.

పొడుగు తల ఊపాడు. ఊపి, పుస్తకం చివరి పేజీలు తిరగేసి, అర్థాల పట్టికలో ఆ మాట కోసం వెతుక్కున్నాడు.